అధీకృత ముద్ద

మా పురపాలక సంఘం కమిషనర్ గారికి కడుపులో తేడా చేసిన రోజునే మా ఊళ్లో గృహ ఆహార భద్రతకు పునాది పడింది. ఊరి పేరు రాయను. సర్వీసులో ఉన్నవాణ్ని.

ఆ రోజు కౌన్సిల్ సమావేశం అయ్యాక ఆఫీసులోనే విందు జరిగింది. వంట కాంట్రాక్టు చైర్మన్ గారి బావమరిదిది. సాయంత్రానికల్లా కమిషనర్ గారు, ఇద్దరు ఇంజనీర్లు, రెవెన్యూ విభాగం మొత్తం వంతులవారీగా ఒకే తలుపు తట్టారు. మర్నాడు విచారణ సంఘం వేశారు. బీఎస్సీ మైక్రోబయాలజీ చదివినవాణ్ని ఆఫీసులో నేనొక్కణ్నే కాబట్టి నన్నూ అందులో వేశారు. మిగిలిన రొయ్యల వేపుడు తీసి ప్రయోగశాలకు పంపుదామన్నాను. ఆరోగ్యాధికారి దైవాధీనం గారు నా వంక జాలిగా చూశారు.

"శేషగిరీ, నువ్వు కొత్తవాడివి. కాంట్రాక్టరుకి లైసెన్సు ఉంది. లైసెన్సు ఉన్న వంటలో దోషం ఎట్టా ఉంటది? అది వదిలెయ్. జబ్బుపడ్డవాళ్లంతా ముందురోజు రాత్రి ఎక్కడ తిన్నారు?"

"ఎవరింట్లో వాళ్లు తిన్నారండి."

"ఆ ఇళ్లకి లైసెన్సు ఉందా?"

లేదు. విచారణ అక్కడితో ముగిసింది. బాధితులందరిలో ఉమ్మడిగా కనిపించిన ప్రమాదకారకం ఇంటిభోజనమేనని నివేదికలో రాశారు. నేనూ సంతకం పెట్టాను. వాళ్లంతా ముందురోజు ఇంట్లో తిన్నమాట నిజమే కదా.

దాపరికం దేనికి, నాకు లోపల సంతోషంగానే ఉంది. ఇంటి వంటలో శుభ్రత గురించి ఎవరో ఒకరు అడగాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. మా నాన్న మిర్చి యార్డులో హమాలీ. మా వంశంలో కాలేజీ గేటు దాటింది నేనే. అక్కడ సూక్ష్మదర్శినిలో మొదటిసారి ఒక చుక్కలో కదిలే పురుగుల్ని చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది మా అమ్మ చేతిలోని మసిగుడ్డ. మా అమ్మ తిరపతమ్మ దాంతోనే వేడిగిన్నె దించుతుంది, దాంతోనే పొయ్యిగట్టు తుడుస్తుంది, చేపలు కడిగిన చేతులు దాంతోనే తుడుచుకుంటుంది. చిన్నప్పుడు నా మూతి తుడిచింది కూడా దాని తల్లో చెల్లో అయిన గుడ్డతోనే.

అందుకని ఒక పేజీ రాసి దైవాధీనం గారికి ఇచ్చాను. వండే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మసిగుడ్డ రోజూ ఉతికి ఎండలో ఆరేయాలి. చేపలు కోసిన కత్తిపీట కడక్కుండా దానిమీద కూరగాయలు తరగకూడదు. వండినవాటి మీద మూత పెట్టాలి. అంతే రాశాను.

ఆయన పేజీ అటూ ఇటూ తిప్పారు.

"వెనక ఏమీ లేదే?"

"లేదండి. విషయం అంతేనండి."

"ఇది మరీ ఇంతేనా. జనం పాటించేస్తారయ్యా. పాటించేస్తే మనం దేన్ని పర్యవేక్షిస్తాం?"

నెల తిరక్కుండా నా పేజీ 'గృహ ఆహార ఉత్పత్తి, నిర్వహణ, వడ్డన నియమావళి'గా దిండంత పుస్తకమై వచ్చింది. సబ్బు ప్రస్తావన అనుబంధంలో ఉంటుందన్నారు. అనుబంధం అచ్చులో ఉందన్నారు. నన్ను వార్డు వంటింటి పర్యవేక్షకుణ్ని చేశారు. ఊళ్లో వంటిళ్లన్నీ దారికొచ్చిన రోజున నా ప్రొబేషన్ ఖాయం చేస్తామన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అక్క పార్వతి బిడ్డతో మా ఇంట్లో ఉంది. ఆ బిడ్డ సంగతి ఇక్కడ చెప్పాలి. నెలలు నిండకుండా పుట్టింది. పుట్టినప్పుడు నా అరచెయ్యంత ఉంది. చాన్నాళ్లు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంచారు. మా బావ లారీ మీద దూరాన ఉంటే నేనే మోచేతులదాకా చేతులు కడుక్కుని లోపలికి వెళ్లి, దాని పిడికిట్లో నా వేలు పెట్టి కూర్చునేవాణ్ని. ఇంటికి తెచ్చిన రోజు మా అక్క అన్నది, "తమ్ముడూ, అందరూ ఆశ వదులుకున్నప్పుడు నువ్వు వదల్లా. దీనికి మొదటి అన్నంముద్ద నీ చేత్తోనే పెట్టాల." మేనమామను కాబట్టి ఎలాగూ నేనే పెట్టాలి. అయినా అక్క అలా అడిగాక బిడ్డ పిడికిట్లో మళ్లీ నా వేలు పెట్టాను. మహతి అని పేరు పెట్టాం. ఏడో నెలలో అన్నప్రాశనకు ముహూర్తం పెట్టించాం.

నియమావళి మీద మొదటి శిక్షణ కల్యాణ మండపంలో జరిగింది. మూడో వార్డు ఆడవాళ్లు వచ్చారు. దైవాధీనం గారు మైకు పట్టుకున్నారు.

"సోదరీమణులారా, నేటినుండి మీరు గృహిణులు కారు. గృహ ఆహార ఉత్పత్తిదారులు. మీ భర్తలు, పిల్లలు తుది వినియోగదారులు. మీ అత్తగార్లు పర్యవేక్షక ఉత్పత్తిదారులు."

"అది మాకు ముందునుంచీ తెలుసులెండయ్యా," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

సీతారావమ్మ అనే పెద్దావిడ లేచి నిలబడింది. "పక్కింటికి గోడమీద నుంచి కూరగిన్నె అందించుకుంటాం. దానికేమన్నా ఉందా?"

"అది అంతర్గృహ ఆహార రవాణా అమ్మా. ముందస్తు అనుమతి కావాలి. రవాణా సాధనం వివరాలు సమర్పించాలి."

"రవాణా ఏంది, నా చెయ్యే గందా."

"అయితే చేతికి సామర్థ్య పత్రం తెచ్చుకోవాలి."

"ఈ చేత్తో నలుగురు బిడ్డల్ని పెంచా. మా ఆయన్ని కూడా దీంతోనే దార్లో పెట్టా. ఇంకేం సామర్థ్యం కావాలయ్యా?"

మండపమంతా నవ్వింది. దైవాధీనం గారు నవ్వు ఆగేదాకా ఓపిగ్గా ఉండి, ఆ వివరాలు దరఖాస్తులో అనుభవం కింద రాసుకోవచ్చన్నారు.

తర్వాత ఏడో నియమం చదివారు. వండిన ప్రతి పదార్థాన్నీ శాఖ నియమించిన అధీకృత రుచిపరీక్షకుడు రుచి చూడాలి. రుచి చూశాక రెండు గంటలపాటు అతనికేమీ కాకపోతేనే ఇంట్లోవాళ్లు తినాలి. ఆ వెంటనే తొమ్మిదో నియమం. పొయ్యిమీద నుంచి దించి రెండు గంటలు దాటిన పదార్థం గడువు ముగిసిన వ్యర్థం. దాన్ని పారవేయాలి.

నాకు ఎక్కడో తేడా కొట్టింది. మండపం బయట దైవాధీనం గారిని ఆపాను.

"అయ్యా, రెండు గంటలు కాకముందు తినకూడదు. రెండు గంటలయ్యాక తినకూడదు. మరి ఎప్పుడు తింటారండి?"

"ఏడో నియమంలో తప్పుందా?"

"లేదండి."

"తొమ్మిదో దాంట్లో?"

"లేదండి. కానీ రెండూ కలిపి చూస్తే..."

"కలిపి చూడమని ఎవరన్నారు?"

అయినా నా మాట తీసెయ్యలేదు. పై వారం సవరణ వచ్చింది. రెండు గంటలు పూర్తయ్యే ఆ క్షణాన్ని 'భోజన సమయం'గా నిర్వచించారు. మూడో వార్డులో ఇంటింటా గోడ గడియారం ముందు విస్తళ్లు వేశారు. ముద్దలు కలుపుకుని, చేతులు నోటిదాకా ఎత్తుకుని, ముల్లు వంక చూస్తూ కూర్చునేవారు. ముందు మింగితే ఏడో నియమం, వెనక మింగితే తొమ్మిదో నియమం. గడియారం నెమ్మదిగా నడిచే ఇళ్లవాళ్ల మీద పక్కింటివాళ్లు ఫిర్యాదులు చేశారు.

రుచిపరీక్షకుడి ఉద్యోగం మస్తానుకి వచ్చింది. అంతకుముందు అతను వార్డులో కుళాయి నీళ్లు వదిలేవాడు. సన్నగా, గాలికి ఊగే కొమ్మలా ఉండేవాడు. ఎవడో నాకిన కూర మేం తినమని ఆడవాళ్లు ఎదురుతిరిగితే, గరిటె తగలకుండా పైనుంచి అరచేతిలో పోస్తే అది ఎంగిలి కిందకు రాదని శాఖ వివరణ ఇచ్చింది. మస్తాను రోజూ చెయ్యి చాపుకుంటూ వార్డంతా తిరిగేవాడు. నేను వెనక రిజిస్టరు పట్టుకుని తిరిగేవాణ్ని.

మొదట్లో అతని మొహం వెలిగిపోయేది. "శేషగిరి బాబూ, నీళ్లు వదిలేటప్పుడు ఈ ఆడోళ్లే నన్ను తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు చూడు, ఒరే మస్తానూ మా పులుసు చూడు నాయనా, మా వేపుడు చూడు నాయనా అంటన్నారు. ఇంత మర్యాద నా పెళ్లికి కూడా జరగలా."

"అన్ని ఇళ్లవీ ఒక్క పొట్టలో ఎట్టా పడుతున్నయ్యి మస్తానూ?"

"పొట్టకేం తెలుసు బాబూ, ఎవరింటిదో."

కానీ పొట్టకు తెలిసింది. ఒకరోజు వరసగా గోంగూర, బొమ్మిడాయిల పులుసు, చక్రపొంగలి, మజ్జిగచారు, నాటుకోడి, సీతారావమ్మ గారి వెల్లుల్లి కారం అతని అరచేతిలో పడ్డాయి. వీధి చివర కల్వర్టు మీద కూర్చుండిపోయాడు. "బాబూ, లోపల వార్డు మీటింగు జరగతంది," అన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్లాను. రెండు రోజుల్లో తేరుకున్నాడు గానీ శాఖ తేరుకోలేదు.

దైవాధీనం గారు నా రిజిస్టరు తెరిచి నన్నడిగారు. "ఏ ఇంటి వంట పడలేదో చెప్పగలవా?"

"చెప్పలేనండి. అన్నీ కలిసిపోయినయ్యి. విడివిడిగా ఏదీ చెడ్డది కాదండి."

"చెప్పలేనప్పుడు అన్నీ అనుమానాస్పదమే."

మూడో వార్డు వంటిళ్లన్నిటికీ సీలు వేశాం. వేసింది నేనే. సీతారావమ్మ గారు తలుపుకి అడ్డం నిలబడలేదు. పక్కకు జరిగి, "వెయ్యి నాయనా, చదువుకున్నోడివి," అన్నది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదని దారంతా అనిపించింది. వార్డు జనానికి లైసెన్సున్న కాంట్రాక్టరు, అంటే చైర్మన్ గారి బావమరిది, తాత్కాలిక సురక్షిత భోజనశాల తెరిచాడు. అక్కడ తిన్నవాళ్లలో కొందరికి కడుపునొప్పి వచ్చింది. వాళ్ల శరీరాల్లో ఇంటిభోజనం అవశేషాలు ఇంకా మిగిలి ఉండటమే కారణమని తేల్చారు.

మా ఇల్లు నాలుగో వార్డు. సీళ్ల వరస మా వీధిలోకి రాకముందే అన్నప్రాశన ముహూర్తం దగ్గరపడింది. పద్ధతి ప్రకారం దైవాధీనం గారికి తెలియజేశాను.

"నీ ఇంటిని నువ్వే పర్యవేక్షించడం కుదరదు. నేనే వస్తాను," అన్నారు. తర్వాత పిల్ల వివరాలు అడిగి రాసుకున్నారు. "పూర్వ భోజనానుభవం లేని వినియోగదారు. అత్యంత సున్నిత వర్గం. దీన్ని తొలి సురక్షిత అన్నప్రాశనగా నిర్వహిద్దాం. కమిషనర్ గారు స్వహస్తాలతో తినిపిస్తారు. పేపర్లో ఫొటో పడుతుంది."

"మొదటి ముద్ద నేను పెట్టాలండి."

"ఏ హోదాలో?"

"మేనమామనండి."

ఆయన నియమావళి మొత్తం తిరగేశారు. నిజాయితీగానే వెతికారు, ఆ మాట అనాలి. "ఆ హోదా ఇందులో లేదు శేషగిరీ. కమిషనర్ గారి సంతకం కోసం నీ ప్రొబేషన్ ఫైలు కూడా ఉంది. ఆలోచించుకో."

ఇంటికొచ్చి చెప్పాను. అక్క బిడ్డకు నూనె రాస్తూ ఉంది. చెయ్యి ఆగింది.

"దీని మొదటి ముద్ద ఎవరో ఆఫీసరు పెడతాడా?"

"ఉద్యోగం అక్కా."

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి అన్నది, "పోనియ్యవే. ముద్ద ఎవరు పెడితే ఏముంది, లోపలికి పోవాల గానీ. వాడి చదువుకోసం మీ నాన్న ఎన్ని బస్తాలు మోశాడో నీకు తెలవదా? ఉజ్జోగం పోతే మళ్లీ ఆ యార్డుకేగా."

అక్క మళ్లీ నూనె రాయడం మొదలుపెట్టింది. "సరే. అట్టాగే కానియ్యి," అన్నది. ఆ తర్వాత ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. బిడ్డ మాత్రం నన్ను చూసినప్పుడల్లా చెయ్యి చాపి నా వేలు పట్టుకుంది.

ముహూర్తం రోజు పొద్దున్నే మా ఇంటిముందు షామియానా వేశారు. దాని మీద ఫ్లెక్సీలో కమిషనర్ గారు, చైర్మన్ గారు, కాంట్రాక్టరు గారు చేతులు జోడించి ఉన్నారు. మూలన పాల డబ్బా మీది బొమ్మలాంటి పాప ఒకటి ఉంది. అది మహతి కాదు. అమ్మకు తలమీద ప్లాస్టిక్ టోపీ పెట్టి, ఆమె చేతులకూ నా చేతులకూ తొడుగులు తొడిగారు. తొడుగు వేళ్లు పొడుగైపోయి ఆమె గరిటె పట్టుకుంటే కోడి కాళ్లలా వేలాడాయి. మహతికి తలమీద వెంట్రుకలే లేవు. అయినా నియమం ప్రకారం జుట్టుకి వల తొడిగారు.

దైవాధీనం గారు వంటింట్లోకి వచ్చి గోడమీది పటాలు లెక్కపెట్టుకున్నారు. చేతులు కడిగే విధానం పటం ఉంది. దాని కింద కుళాయి లేదు, అది పెరట్లో ఉంది. పటం ఉంది కాబట్టి టిక్కు పెట్టారు. ఆ తర్వాత నెయ్యిగిన్నె మూత తీసి చూడబోతే చేతికి నెయ్యి అంటింది. మా అమ్మ మర్యాద తెలిసిన మనిషి. బొడ్లో దాచుకున్న మసిగుడ్డ చటుక్కున తీసి అందించింది. ఆయన అరచేతులు తుడుచుకున్నారు. తర్వాత మూతి తుడుచుకున్నారు. "వంటిల్లు అత్యంత సురక్షితం," అని రాసి ఆయన గుడ్డ తిరిగిచ్చేశారు.

ఎనిమిదిన్నరకు పరమాన్నం దించాం. మస్తాను అరచెయ్యి చాపాడు. నాకి, కళ్లు మూసుకుని, "తిరపతమ్మక్కా, దీనికోసం ఇంకోసారి ఆస్పత్రిలో పడమన్నా పడతా," అన్నాడు. వ్యాఖ్యలు నిషిద్ధమని దైవాధీనం గారు గుర్తుచేశారు. గడియారం పెట్టారు. పదిన్నరకు రెండు నియమాలూ కలుసుకునే క్షణం. పదకొండుకు ముహూర్తం వెళ్లిపోతుంది. అన్నీ సరిపోయాయి.

కమిషనర్ గారు పది దాటాక వచ్చారు. మైకు ముందు నిలబడ్డారు.

"నేడు ఈ చిన్నారి నోట పడబోయేది కేవలం అన్నం కాదు. అది ఒక విధానం. అది ఒక దార్శనికత," అంటూ మొదలుపెట్టి, పట్టణం నాలుగు దిక్కులా జరుగుతున్న మురుగుకాల్వల పనులు చెప్పుకుంటూ వెళ్లారు. మూడో కాల్వ దగ్గర పదిన్నర అయింది. అయిదో కాల్వ దగ్గర దైవాధీనం గారు గడియారం చూసుకుని, నా చెవి దగ్గర వంగారు.

"గడువు ముగిసింది. పరమాన్నం ఇప్పుడు వ్యర్థ పదార్థం."

"మళ్లీ వండితే అండి?"

"ఇంకో రెండు గంటలు."

పంతులుగారు వేళ్లు లెక్కపెట్టుకుంటూ అక్క వంక చూశారు. ముహూర్తం దాటడానికి ఇంకా పావుగంట కూడా లేదు. బిడ్డ ఆకలికి అక్క భుజాన్ని కొరుకుతోంది. పొద్దున్నుంచి పాలు కూడా తగ్గించి పట్టారు, పరమాన్నం ఇష్టంగా తింటుందని.

ఉపన్యాసం ముగించిన కమిషనర్ గారికి పరిస్థితి వివరించారు. ఆయన చిటికెలో పరిష్కారం చెప్పారు. "దానికేం, వ్యర్థాన్ని పారబోయండి. ఫొటో ఖాళీ చెంచాతో తీసేద్దాం. ఫొటోలో తెలీదుగా."

ఆయన చేతికి వెండి చెంచా ఇచ్చారు. ఖాళీ చెంచా బిడ్డ పెదాల దగ్గరికి వెళ్లింది. మహతి నోరు తెరిచింది. చెంచా లోపలికి వెళ్లి వచ్చింది. నోరు మూసి, నాలుక ఆడించి, ఏమీ లేదని చూసుకుంది. మళ్లీ నోరు తెరిచింది.

"సార్, ఇంకొక్కసారి, కాస్త ఇటు చూడండి సార్," అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఖాళీ చెంచా మళ్లీ వెళ్లింది. బిడ్డ ఈసారి చెంచాను చూడలేదు. చుట్టూ చూసి నన్ను వెతుక్కుంది. కింది పెదవి ముందుకొచ్చి వణికింది.

నేను పెరట్లోకి వెళ్లాను. తొడుగులు తీసేసి, సబ్బుతో మోచేతులదాకా కడుక్కున్నాను. వంటింట్లోకి వెళ్లి పరమాన్నం గిన్నె తెచ్చి, అక్క ముందు పీట వేసుకుని కూర్చున్నాను.

"శేషగిరీ, ఏం చేస్తున్నావు? అది వ్యర్థం," అన్నారు దైవాధీనం గారు.

"అవునండి. వ్యర్థాన్ని పారవేసే బాధ్యత వార్డు పర్యవేక్షకుడిదని తొమ్మిదో నియమంలోనే ఉందండి. పారవేస్తున్నాను."

"పారవెయ్యడం అంటే..."

"ఎక్కడ పారవెయ్యాలో రాయలేదండి."

ఆయన పుస్తకం తెరిచి వెతకడం మొదలుపెట్టారు. ఆ సందులో నేను ఉంగరపు వేలితో కాస్త పరమాన్నం తీసి, మెతుకు నలిపి, బిడ్డ నాలుక మీద పెట్టాను. రెండు గంటలు దాటి కాస్త సేపైన పరమాన్నానికి ఏమీ కాదని నా చదువు నాకు చెబుతూనే ఉంది.

మహతి కళ్లు చికిలించింది. మొహం ముడిచింది. ఉమ్మేస్తుందనుకున్నాను. మింగింది. మింగి, నా వేలు రెండు చేతులా పట్టుకుని నోటి దగ్గరకు లాక్కుంది. అక్క పమిట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. రెండో ముద్ద పెట్టాను. పంతులుగారు మంత్రం ఇంకా పూర్తి చెయ్యనేలేదు.

ఇక నా ఉద్యోగం పోయినట్టేనని అమ్మ గుంజకు చేరగిలబడింది. అప్పుడు కమిషనర్ గారు గిన్నెలోకి తొంగిచూశారు. నేతిలో వేగిన జీడిపప్పు వాసన ఆయనదాకా వెళ్లినట్టుంది. ఆయన ఇంట్లో నియమావళి అక్షరాలా అమలవుతుందనీ, భోజన సమయం అయ్యే ఆ క్షణానికి రోజూ ఎవరో ఒక పై అధికారి ఫోను చేస్తారనీ డ్రైవరు చెప్పగా విన్నాం.

"ఈ వ్యర్థం ఇంకా ఎంత ఉంది?" అన్నారాయన మెల్లగా.

"దబరగిన్నెడు ఉందయ్యా," అన్నది అమ్మ.

"ఇంత వ్యర్థాన్ని ఒక్క ఉద్యోగి మీద వెయ్యడం భావ్యం కాదు. శాఖ అంతా సహకరించాలి."

విస్తళ్లు వేశాం. పరమాన్నమే కాదు, పప్పు, పులిహోర, వంకాయ కారం కూడా గడువు దాటినవే. కమిషనర్ గారు రెండుసార్లు పెట్టించుకుని పారవేశారు. దైవాధీనం గారు పుస్తకం పక్కన పెట్టి పారవేశారు. మస్తాను ఆ రోజు మొదటిసారి అరచెయ్యి చాపకుండా, విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని పారవేశాడు. "ఇంకాస్త వ్యర్థం వెయ్యక్కా," అన్నాడు.

మర్నాడు ఎవరికీ ఏమీ కాలేదు. ఆఫీసులో అది పెద్ద కలకలం అయింది. విచారణ సంఘం వేశారు. లైసెన్సు లేని ఇల్లు, గడువు దాటిన వంట, అంతమంది తినడం, ఒక్కరూ జబ్బుపడకపోవడం. దీనికి కారణం ఏమిటి? నేను సబ్బు సంగతి చెప్పబోయాను. దైవాధీనం గారు ఆపారు. "అనుబంధం ఇంకా అచ్చులోనే ఉంది," అన్నారు.

సంఘం తర్కబద్ధంగా ముందుకెళ్లింది. వంటిల్లు కాదు, వంట కాదు. ఆ రోజు కొత్తగా జరిగింది ఒక్కటే, మేనమామ చెయ్యి. భద్రత అందులోనే ఉన్నట్టు తేలింది. నెలాఖరుకి ఉత్తర్వులొచ్చాయి. పట్టణంలో ఇకమీదట జరిగే ప్రతి అన్నప్రాశనలోనూ మొదటి ముద్ద అధీకృత హస్తం ద్వారానే పెట్టించాలి. అందుకు శాశ్వత పోస్టు ఒకటి మంజూరు చేశారు. నా ప్రొబేషన్ అందులో ఖాయం చేశారు. పురపాలక మేనమామ, గ్రేడ్ టూ.

కాగితం చదివి వినిపిస్తే అమ్మ మొహం వెలిగింది. కాసేపయ్యాక అనుమానం వచ్చింది.

"రెండో గ్రేడు నువ్వయితే ఒకటో గ్రేడు ఎవడ్రా?"

"ఆ పోస్టు ఖాళీగా ఉందమ్మా."

మొదటి డ్యూటీ మూడో వార్డులో పడింది. భద్రత చేతిలోనే ఉందని తేలాక వంటిళ్ల సీళ్లు తీసేసి అప్పటికి వారమైంది. మనవడికి అన్నప్రాశన చేస్తున్నది సీతారావమ్మ గారే. నన్ను చూసి కుర్చీ వేసింది. గోడవారన ఒకాయన నిలబడి ఉన్నాడు. తెల్లవారుజామున దర్శి నుంచి బస్సెక్కి వచ్చాడట. భుజాన సంచి ఇంకా దించలేదు. వేలికి కొత్త ఉంగరం. పిల్లవాడి తల్లికి ఒక్కగానొక్క అన్న.

"మీరు పెడతారంటగా," అన్నాడు నన్ను చూసి. కోపంగా కాదు. తనకు ఎప్పుడూ జరిగేదే ఇదన్నట్టు. "నేను చూసి పోదామని వచ్చాలెండి."

ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్లి సబ్బు చేతికిచ్చాను. మోచేతులదాకా కడుక్కోమన్నాను. ఆయన కడుక్కుని, తడి చేతులు గాల్లో పెట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు.

"మరి మీరూ?"

"నేను గ్రేడ్ టూ అండి," అన్నాను. "గ్రేడ్ వన్ మీరు. ముహూర్తం దాటకముందే పెట్టండి."